ఆవు వ్యాసం దగ్గర మొదలుపెట్టండి: ఇంగ్లిష్‌లో సమాచార రిపోర్ట్ చదవడం, రాయడం నేర్పే పద్ధతి

"రిపోర్ట్ రాయండి" అని ఎనిమిదో తరగతికో తొమ్మిదో తరగతికో చెప్పి చూడండి. చాలామంది ఊరి పేరు, తేదీ వేసి, నిన్న ఉదయం ఏం జరిగిందో మొదలుపెడతారు. తప్పు వాళ్లది కాదు. మన దగ్గర రిపోర్ట్ అనే మాట ఎక్కువగా జరిగిన సంఘటనకే వాడతాం. ఇక్కడ చెప్పబోయేది ఇంకో రిపోర్ట్ గురించి. ఒక రకం జీవి, చెట్టు, పంట, పనిముట్టు మొత్తంగా ఎలా ఉంటుందో చెప్పే రాత ఇది. ఇంగ్లిష్‌లో దీన్ని ఇన్ఫర్మేషన్ రిపోర్ట్ అంటారు. సైన్స్, సోషల్ పుస్తకాల నిండా ఉండేది ఈ రాతే. ఇంగ్లిష్ పీరియడ్‌లో దీన్ని చదవడం నేర్చిన పిల్లలకు ఆ పుస్తకాలు కూడా తేలికవుతాయి.

మన పిల్లలందరికీ తెలిసిన ఇన్ఫర్మేషన్ రిపోర్ట్ ఒకటి ఎప్పటినుంచో ఉంది. అదే ఆవు వ్యాసం. "ద కౌ ఈజ్ ఎ డొమెస్టిక్ యానిమల్. ఇట్ హాజ్ ఫోర్ లెగ్స్." దీన్ని ఎగతాళి చేయడం అందరికీ అలవాటే గానీ, విప్పి చూస్తే దాని కట్టుబడి సరిగ్గానే ఉంటుంది. ముందు అది ఏ వర్గమో చెబుతుంది. తర్వాత ఒళ్లు, తిండి, ఉపయోగం వరసగా వస్తాయి. ఎక్కడా "మా ఆవు" ఉండదు, నిన్న మొన్నటి సంగతి ఉండదు. లోపమంతా దాన్ని బట్టీ పట్టించడంలోనే ఉంది. ఆవు వ్యాసం అప్పజెప్పిన పిల్లవాడు గేదె మీద ఐదు వాక్యాలు రాయలేడు. ఎందుకంటే వాడికి దొరికింది వాక్యాలే. సమాచారాన్ని కుప్పలుగా వేరుచేయడం వాడికి ఎవరూ చూపించలేదు. కాబట్టి ముందు వేరుచేయడం నేర్పాలి. ఇంగ్లిష్ వాక్యం ఆ తర్వాత.

ఈ క్రమాన్ని పద్ధతిగా రూపొందించినవాళ్లు ఆస్ట్రేలియా వాళ్లు. 1980ల్లో సిడ్నీలో భాషాశాస్త్రవేత్తలు జె.ఆర్. మార్టిన్, జోన్ రాథరీ బడి పిల్లల రాతలను పరిశీలించారు. పిల్లలు ఎక్కువగా కథలు, సొంత అనుభవాలే రాస్తున్నారనీ, పై చదువులకు కావలసిన రాత రూపాలు వాళ్లకు ఎవరూ విప్పి చెప్పడం లేదనీ గుర్తించారు. విషయం తెలుసుకోవడం, నమూనాను విప్పి చూడడం, టీచర్‌తో కలిసి రాయడం, చివరికి సొంతంగా రాయడం: ఇదీ వాళ్ల నుంచి వచ్చిన వరస. ఇండొనేషియా బడుల్లో "రిపోర్ట్ టెక్స్ట్" పేరుతో ఇది ఇంగ్లిష్ పాఠాల్లో భాగం. మన తరగతికి వరస అదే సరిపోతుంది. అయితే తెలుగు పిల్లలు ఎక్కడ తడబడతారో దాన్నిబట్టి మధ్యలో కొంత చేర్చుకోవాలి.

మొత్తానికి 40 - 45 నిమిషాల పీరియడ్లు ఎనిమిది కావాలి. ఇక్కడ ఇచ్చే ఇంగ్లిష్ వాక్యాలను బోర్డు మీద ఇంగ్లిష్ లిపిలోనే రాయండి.

ఏది రిపోర్ట్, ఏది కాదు

మొదటి పీరియడ్‌లో బోర్డు మీద మూడు వాక్యాలు రాయండి.

"మై అంకుల్ సా ఎ టర్టిల్ ఆన్ ద బీచ్ ఎస్టర్‌డే."
"దిస్ టర్టిల్ హాజ్ ఎ బ్రోకెన్ షెల్."
"టర్టిల్స్ హావ్ హార్డ్ షెల్స్."

ఇప్పుడు తెలుగులోనే రెండు ప్రశ్నలు అడగండి. ఇది ఒక్క తాబేలు గురించా, తాబేళ్లన్నిటి గురించా? ఒకనాటి మాటా, ఎప్పటికీ ఉండే మాటా? మొదటి వాక్యం ఒకనాటి సంఘటన, రెండోది ఒక్క తాబేలు వర్ణన, మూడోది మాత్రమే రిపోర్ట్ వాక్యం. ఇలాంటివే పన్నెండు వాక్యాలు కలగాపులగంగా చదవండి. రిపోర్ట్ వాక్యం వినబడినప్పుడే నిలబడమనండి. పదిహేను నిమిషాలు చాలు. ఆ రెండు ప్రశ్నలను ఎనిమిది పీరియడ్లూ బోర్డు పైమూల చెరపకుండా ఉంచండి.

రెండింటిలో మొదటిదే ముఖ్యం. రాక్షసబల్లుల మీద రిపోర్ట్ రాస్తే భూతకాలమే రాయాలి, అవి ఇప్పుడు లేవు కాబట్టి. అయినా అది రిపోర్టే, మొత్తం జాతి గురించి చెబుతుంది కాబట్టి. "రిపోర్ట్ అంటే సింపుల్ ప్రెజెంట్" అని ఒక్క ముక్కలో చెప్పేస్తే, ఈ ఉదాహరణ ఎదురైన రోజున చురుకైన పిల్లలు అయోమయంలో పడతారు.

అంశం, నమూనా పాఠం

పిల్లలకు ముందే కొంత తెలిసి ఉండి, ఇంకొంత తెలుసుకోవలసింది మిగిలి ఉన్న అంశం తీసుకోండి. కోస్తా జిల్లాల్లో ఆలివ్ రిడ్లీ తాబేలు చక్కగా సరిపోతుంది. మిగతా చోట్ల కృష్ణజింక, చుక్కల జింక, పాలపిట్ట, రామచిలుక, వేప, జమ్మి బాగుంటాయి. అన్నీ మన రెండు రాష్ట్రాల చిహ్నాలే. పసుపు, మిరప, తాటిచెట్టు కూడా బాగుంటాయి. "మై విలేజ్", "హైదరాబాద్" వద్దు. అవి ఒక్కొక్కటే ఉన్నవి, జాతిగా చెప్పడానికి వీల్లేదు. "పొల్యూషన్" కూడా వద్దు. మూడో వాక్యానికే "వియ్ షుడ్" అంటూ హితబోధలోకి జారిపోతారు. "మొబైల్ ఫోన్" అయితే లాభనష్టాల వ్యాసం అవుతుంది.

నమూనా పాఠం ఇంటర్నెట్ నుంచి తెచ్చింది పెట్టకండి. మీరే రాయండి. పన్నెండు వాక్యాలు, ఐదు పేరాలు చాలు. ఇదిగో ఒకటి:

"ఆలివ్ రిడ్లీ టర్టిల్స్ ఆర్ మెరైన్ రెప్టైల్స్. దే లివ్ ఇన్ ద వార్మ్ వాటర్స్ ఆఫ్ ది ఇండియన్, పసిఫిక్ అండ్ అట్లాంటిక్ ఓషన్స్.

అడల్ట్ టర్టిల్స్ హావ్ హార్ట్-షేప్డ్ షెల్స్. దెయిర్ షెల్స్ ఆర్ ఆలివ్ గ్రీన్ అండ్ అబౌట్ 60 టు 70 సెంటీమీటర్స్ లాంగ్. దెయిర్ లెగ్స్ ఆర్ కాల్డ్ ఫ్లిప్పర్స్.

ఆలివ్ రిడ్లీస్ ఈట్ క్రాబ్స్, ప్రాన్స్, జెల్లీఫిష్ అండ్ ఆల్గీ.

ఫీమేల్స్ కమ్ టు ద బీచ్ ఎట్ నైట్. దే డిగ్ పిట్స్ ఇన్ ద శాండ్. ఈచ్ ఫీమేల్ లేస్ అబౌట్ 100 ఎగ్స్. ది ఎగ్స్ హాచ్ ఆఫ్టర్ 45 టు 60 డేస్.

మెనీ టర్టిల్స్ డై ఇన్ ఫిషింగ్ నెట్స్. ఇన్ ఇండియా దే ఆర్ ప్రొటెక్టెడ్ బై లా."

ఇందులో ఇంచుమించు అన్నీ బహువచనాలే. కావాలనే అలా రాశాం. జాతి మొత్తాన్ని చెప్పడానికి ఇంగ్లిష్‌లో మూడు దారులున్నాయి: టర్టిల్స్, ఎ టర్టిల్, ద టర్టిల్. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి పిల్లలు నాలుగో దారి తొక్కుతారు, "టర్టిల్ ఈజ్ రెప్టైల్" అని. బహువచనంతో మొదలుపెడితే ఆర్టికల్ బెడద ఉండదు, క్రియ చివర ఎస్ బెడద ఉండదు, ఇట్ అనాలా షీ అనాలా అన్న సందేహం కూడా రాదు. మొదటి రిపోర్ట్ పూర్తయ్యేదాకా బహువచనం దాటనివ్వకండి. "ఈచ్ ఫీమేల్ లేస్" ఒక్కటే ఏకవచనం. అది పిల్లలు పట్టుకోవడానికి వదిలిన వాక్యం.

చదవడం

పాఠం ఇచ్చే ముందు ఒక పీరియడ్ విషయానికే కేటాయించండి. తాబేలు గురించి తెలిసిందంతా తెలుగులో చెప్పనివ్వండి. తీరం వెంబడి ఊళ్లలో చలికాలం చివర అవి గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయనీ, ఒడిశాలోని గహీర్‌మఠ, రుషికుల్య తీరాల్లో వేల సంఖ్యలో ఒకేసారి వస్తాయనీ చెప్పండి. పన్నెండు నుంచి పదిహేను ఇంగ్లిష్ మాటలు బోర్డు మీద పెట్టి, పక్కన తెలుగు మాట రాయండి: షెల్ అంటే చిప్ప, హాచ్ అంటే గుడ్డు పగిలి పిల్ల రావడం. ఒక మాట దగ్గర ఆగాలి. తెలుగులో అన్నీ తాబేళ్లే. ఇంగ్లిష్‌లో మాత్రం సముద్రంలో ఉండేది టర్టిల్, పూర్తిగా నేల మీద బతికేది టార్టాయిస్. ఇది ముందే చెప్పకపోతే నిఘంటువు చూసిన పిల్లలు సగం టార్టాయిస్ రాసుకొస్తారు.

తర్వాతి పీరియడ్‌కు పన్నెండు వాక్యాలనూ పన్నెండు చీటీలు చేయండి. నలభైమంది తరగతికి ఐదుగురేసి ఎనిమిది జట్లు, ఎనిమిది కట్టలు. ఒకే కాగితాన్ని చేత్తో చింపి ఇవ్వకండి. పిల్లలు వాక్యం చదవకుండా చింపిన అంచులు కలిపి వరస పట్టేస్తారు. అన్ని చీటీలూ ఒకే కొలతలో కత్తిరించండి.

"ఒకే సంగతి చెప్పే చీటీలను ఒక కుప్ప వేయండి, కుప్పకు పేరు పెట్టండి" అని మాత్రం చెప్పండి. హెడ్డింగులు మీరు ఇవ్వకండి. ఒళ్లు, తిండి, గుడ్లు, ఆపదలు అని తెలుగులోనే పెట్టుకోనివ్వండి. కుప్ప పేరు సొంతంగా పెట్టిన పిల్లలు రేపు తాటిచెట్టుకు కుప్పలు సొంతంగా వేయగలరు. మీరిచ్చిన నాలుగు హెడ్డింగుల్లో సర్దినవాళ్లు మళ్లీ మీ హెడ్డింగుల కోసమే చూస్తారు. "ఫీమేల్స్ కమ్ టు ద బీచ్ ఎట్ నైట్" చీటీ దగ్గర కచ్చితంగా వాదన వస్తుంది. బీచ్ అనే మాట చూసి కొందరు దాన్ని నివాసం కుప్పలో వేస్తారు. జవాబు చెప్పకండి. "అవి ఒడ్డుకు దేనికోసం వస్తున్నాయి?" అని అడగండి. వాక్యంలో ఉన్న మాటను బట్టి కాకుండా, వాక్యం చేసే పనిని బట్టి కుప్ప ఎంచుకోవాలని అక్కడే తెలుస్తుంది. ఈ పీరియడ్ మొత్తంలో విలువైన ఐదు నిమిషాలు అవే.

కుప్పలు అయ్యాక, ఏ చీటీని మొదట తప్ప ఇంకెక్కడా పెట్టలేమో వెతకమనండి. "ఆర్ మెరైన్ రెప్టైల్స్" అన్నదే అది. అది ఏ వర్గమో చెప్పే వాక్యం. తిండికీ గుడ్లకూ వరస మారినా నష్టం లేదు, ఇది మాత్రం కదలదు.

తర్వాత మూడు తప్పుడు చీటీలు కలపండి: "టర్టిల్స్ ఆర్ సో క్యూట్", "లాస్ట్ ఇయర్ వియ్ సా టెన్ టర్టిల్స్", "వియ్ షుడ్ సేవ్ టర్టిల్స్". మూడూ ఎందుకు బయటికి వెళ్లాలో పిల్లలే చెప్పాలి. మూడోది వదులుకోవడం వాళ్లకు కష్టం, ఎందుకంటే ప్రతి వ్యాసమూ నీతితో ముగించడం అలవాటు చేశాం. "మెనీ టర్టిల్స్ డై ఇన్ ఫిషింగ్ నెట్స్" పక్కన దాన్ని పెట్టి చూపండి. ఒకటి నిజమో కాదో వెళ్లి తేల్చుకోవచ్చు. రెండోది సలహా, మంచిదే, కానీ దాని చోటు ఇది కాదు.

చదివి అర్థం చేసుకున్నారో లేదో చూడాలంటే "హౌ మెనీ ఎగ్స్" లాంటి ప్రశ్న పనికిరాదు. ఎగ్స్ అనే మాట వెతికి పక్కనున్న అంకె ఎత్తి రాస్తారు. రెండు వాక్యాలు కలిపితేనే జవాబు దొరికే ప్రశ్నలు అడగండి. "మిట్టమధ్యాహ్నం ఆడ తాబేలు గొయ్యి తవ్వుతూ కనబడే అవకాశం ఉందా? ఏ వాక్యం వల్ల తెలిసింది?" జవాబు తెలుగులో చెప్పినా మార్కు ఇవ్వండి. ఇక్కడ పరీక్షించేది చదవడాన్ని.

పట్టిక, కాపీకి మందు

చదవడానికీ రాయడానికీ మధ్య వంతెన ఈ పట్టికే. నోట్‌బుక్ అడ్డంగా తిప్పి, కుప్పకొక గడి చొప్పున గీయించండి. గడిలో ఒక్కో విషయానికి నాలుగు మాటలు మించకూడదు, క్రియ రాయకూడదు. "షెల్స్, ఆలివ్ గ్రీన్, 60-70 సెం.మీ.", అంతే. క్రియ వద్దనడానికి కారణం ఉంది. క్రియ లేని ముక్కలను వాక్యం చేయాలంటే హావ్ కావాలా, ఆర్ కావాలా అని పిల్లవాడు తనే ఆలోచించాలి. వాక్యం మొత్తం గడిలోకి ఎక్కించుకుంటే అది వట్టి నకలు.

పట్టిక పూర్తయ్యాక పాఠం మూయించి, పట్టిక మాత్రం చూసి పన్నెండు నిమిషాల్లో తిరిగి రాయమనండి. తర్వాత అసలు పాఠం పక్కన పెట్టి పోల్చుకోమనండి. తేడా వచ్చిన చోట్లే మీ వ్యాకరణ పాఠం. ఆ కాగితాలు తీసుకుని, ఎక్కువమందికి వచ్చిన నాలుగైదు తప్పులు ఎంచుకోండి. తెలుగు ఇంట్లో మాట్లాడే పిల్లలైతే అవి ఇంచుమించు కింద చెప్పినవే అవుతాయి.

తెలుగు వాక్యం నుంచి ఇంగ్లిష్ వాక్యానికి

"తాబేళ్లు సరీసృపాలు." తెలుగులో ఇది నిండు వాక్యం, క్రియ అక్కర్లేదు. అందుకే "టర్టిల్స్ రెప్టైల్స్" అని రాసిన పిల్లకు అందులో లోటు కనబడదు. ప్రతి ఇంగ్లిష్ వాక్యంలోనూ క్రియ చుట్టూ పెట్టె గీయించండి. పెట్టె గీయడానికి చోటు దొరకకపోతే వాక్యం పూర్తికాలేదన్నమాట.

రెండోది అన్నిటికన్నా మొండిది. "తాబేళ్లు గుడ్లు పెడతాయి" అన్నదాంట్లో పెడతాయి అనే రూపం రోజూ జరిగేదానికీ పనికొస్తుంది, రేపు జరగబోయేదానికీ పనికొస్తుంది. ఇంగ్లిష్‌లో అవి రెండు వేరు రూపాలు. అందుకే "టర్టిల్స్ విల్ లే ఎగ్స్" వస్తుంది. పిల్లలకు ఒక పరీక్ష నేర్పండి. తెలుగు వాక్యం ముందు "సాధారణంగా" పెట్టి చూడాలి, తర్వాత "రేపు" పెట్టి చూడాలి. ఏది అతికితే దాన్నిబట్టి లే రాయాలో విల్ లే రాయాలో తేలుతుంది. రిపోర్ట్‌లో "సాధారణంగా" అతుకుతుంది కాబట్టి విల్ రాదు. దీనికి చెల్లెలు "ఆర్ లివింగ్". మన పుస్తకాల తెలుగులో "సముద్రాల్లో నివసిస్తున్నాయి" అని రాస్తుంటారు, దాన్నే పిల్లలు మాటకు మాట దింపుతారు. బోర్డు మీద మీరు తెలుగులో రాసేటప్పుడు "ఉంటాయి", "బతుకుతాయి" అని రాస్తే సగం తప్పులు పుట్టకముందే ఆగుతాయి.

"తాబేళ్లకు గట్టి చిప్ప ఉంటుంది" అన్నది "టు టర్టిల్స్ హార్డ్ షెల్ ఈజ్ దేర్" అవుతుంది. ఇక్కడ విభక్తిని గుర్తుగా పట్టుకోమనండి. కి, కు పక్కన ఉండడం వస్తే హావ్. లో, మీద పక్కన ఉండడం వస్తే లివ్ గానీ దేర్ ఆర్ గానీ. తెలుగు వ్యాకరణం తెలిసిన పిల్లలకు ఇది రెండు రోజుల్లో పట్టుబడుతుంది.

క్రియ చివర ఎస్ సంగతి. "టర్టిల్స్ లే, ఎ టర్టిల్ లేస్." కర్తకు ఎస్ ఉంటే క్రియకు ఉండదు, క్రియకు ఉంటే కర్తకు ఉండదు. ఒక వాక్యంలో ఒక్క ఎస్ అని గుర్తుపెట్టుకోవచ్చు. అయితే "చిల్డ్రన్ ఈట్", "గ్రాస్ గ్రోస్" లాంటి చోట్ల ఈ చిట్కా తప్పుతుందని కూడా ముందే చెప్పండి. చిట్కా చెప్పి దాని హద్దు చెప్పకపోతే పిల్లలు దాన్ని సూత్రం అనుకుంటారు.

అన్నిటికంటే ఆనందంగా నేర్పగలిగింది వర్ణించే ఉపవాక్యం. "గుడ్లు పెట్టే జంతువులు". ముగ్గురు పిల్లలను నిలబెట్టి ఒక్కొక్కరికి ఒక్కో అట్ట ఇవ్వండి: గుడ్లు, పెట్టే, జంతువులు. ఇంగ్లిష్‌లోకి రావాలంటే వరస మొత్తం తిరగబడాలి: యానిమల్స్, లే, ఎగ్స్. నాలుగో పిల్లవాడు "దట్" అట్టతో వచ్చి యానిమల్స్ పక్కన నిలబడతాడు. "యానిమల్స్ దట్ లే ఎగ్స్." తెలుగు, ఇంగ్లిష్ ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా ఉండడం పిల్లలు కళ్లారా చూస్తారు. ఇది వచ్చాక మొదటి వాక్యం బలపడుతుంది: "ఆలివ్ రిడ్లీస్ ఆర్ రెప్టైల్స్ దట్ లివ్ ఇన్ ద సీ." ఏదైనా రిపోర్ట్‌ను ఈ మూసలో మొదలుపెట్టవచ్చు.

ప్యాసివ్ వాయిస్ గురించి. యాక్టివ్‌ను ప్యాసివ్‌గా మార్చే అభ్యాసాలు ఇక్కడ సాయపడవు, "బై దెమ్" తోకలే మిగులుతాయి. రిపోర్ట్‌కు కావలసినవి నాలుగు పదబంధాలు. వాటిని తెలుగు మాటతో జతచేసి ముద్దగా నేర్పండి: "అంటారు" అయితే ఆర్ కాల్డ్, "దొరుకుతాయి, కనిపిస్తాయి" అయితే ఆర్ ఫౌండ్, "వాడతారు" అయితే ఆర్ యూజ్డ్ ఫర్, "తో చేస్తారు" అయితే ఆర్ మేడ్ ఆఫ్. తెలుగులో "అంటారు" అన్నప్పుడు ఎవరంటారో చెప్పం. ఇంగ్లిష్‌లో ప్యాసివ్ చేసే పని కూడా అదే. ఈ పోలిక పిల్లలకు వెంటనే అందుతుంది.

కలిసి రాయడం

పీరియడ్లు తగ్గితే అందరూ ముందు వదిలేసేది దీన్నే. నిజానికి వదలకూడనిది ఇదే. అంశం మార్చండి, తాటిచెట్టు తీసుకుందాం. విషయ సేకరణ ఇంటిపని: కంటితో చూసి ఒక విషయం, పెద్దవాళ్లనో కల్లుగీసేవాళ్లనో అడిగి రెండు, పుస్తకం నుంచి ఒకటి. ప్రతి విషయం పక్కన ఎక్కడిదో రాసుకోవాలి. మగ తాళ్లు, ఆడ తాళ్లు వేరువేరుగా ఉంటాయనీ, ముంజెలు ఆడవాటికే కాస్తాయనీ పుస్తకం కంటే ముందు ఊళ్లోవాళ్లే చెబుతారు.

బోర్డు మీద పట్టిక గీసి అందరి విషయాలూ నింపండి. సుద్దముక్క మీ చేతిలో, వాక్యాలు వాళ్ల నోట. ఒకరు "పామైరా పామ్ టాల్" అంటే దిద్దేయకండి. అలాగే రాసి "పెట్టె ఎక్కడ గీద్దాం?" అని అడగండి. ఆర్ వస్తుంది. "ఒక్క చెట్టా, అన్నీనా?" ఎస్ వస్తుంది. "ఎంత ఎత్తు?" అడిగితే "వెరీ వెరీ టాల్" అంటారు. అప్పుడు కొలత తెప్పించండి: "పామైరా పామ్స్ కెన్ గ్రో అప్ టు 30 మీటర్స్ టాల్." రిపోర్ట్‌లో వెరీ అనే మాటకు బదులు అంకె ఉండాలని ఇక్కడ చెబితే గుర్తుంటుంది. దాంతోపాటే అప్ టు, అబౌట్, యూజువల్లీ, మోస్ట్ నేర్పండి. దాకా, సుమారు, సాధారణంగా, చాలావరకు అన్న మాటలు మనకూ ఉన్నాయి. పిల్లలు అన్నింటికీ ఆల్ అనేస్తారు. "ఆల్ పామైరా పామ్స్ గివ్ ఫ్రూట్స్" అని ఎవరైనా అంటే, మగ తాడు సంగతి చెప్పినవాళ్లే లేచి కాదంటారు. నిజాన్ని కచ్చితంగా చెప్పడానికే ఆ చిన్న మాటలున్నాయని అప్పుడు అర్థమవుతుంది.

నాలుగు వాక్యాలయ్యాక ప్రతి వాక్యం మొదటి మాట కింద గీత గీయండి. దే, దే, దే, దే అని కనబడుతుంది. వాక్యాన్ని భాగంతో మొదలుపెట్టవచ్చు: "దెయిర్ లీవ్స్ ఆర్ షేప్డ్ లైక్ ఫాన్స్." ఉపవర్గంతో మొదలుపెట్టవచ్చు: "ఫీమేల్ ట్రీస్ బేర్ ఫ్రూట్స్." కాలంతో కూడా: "ఇన్ సమ్మర్, పీపుల్ ఈట్ ద సాఫ్ట్ సీడ్స్." ముంజెలకు ఇంగ్లిష్‌లో ఏ మాట పెట్టాలని పిల్లలు అడుగుతారు. ముంజెలు అనే రాసి పక్కన ఏమిటో చెప్పమనండి: "ద సాఫ్ట్ సీడ్స్ ఆర్ కాల్డ్ ముంజెలు ఇన్ తెలుగు." నేర్చుకున్న ఆర్ కాల్డ్ తనంతట తాను పనికొచ్చే చోటు ఇది.

సొంతంగా రాయడం, దిద్దడం

అంశం ఎవరిది వారే ఎంచుకోవాలి, పట్టిక మీకు చూపాకే రాత. ఎనిమిదో తరగతికి 80 నుంచి 100 మాటలు, నాలుగు పేరాలు, భాగాలు గుర్తించిన బొమ్మ ఒకటి. ఆరో తరగతికి ఐదు వాక్యాలు చాలు. వెనకబడ్డవాళ్లకు ఖాళీలున్న చట్రం ఇవ్వవచ్చు: "డాష్ ఆర్ డాష్ దట్ డాష్." మధ్యరకం వాళ్లకు వాక్యాల మొదళ్లు మాత్రం. కానీ చట్రాన్ని రెండో రిపోర్ట్ తర్వాత తీసేయండి. ఎక్కువకాలం ఉంచితే అదే కొత్త ఆవు వ్యాసం అవుతుంది.

ఫోన్లో చూసి ఎత్తిరాసింది గుర్తుపట్టడం కష్టం కాదు. రాసిన పిల్లవాడే ఆ మాట పైకి చదవలేడు. తిట్టకుండా "ఈ వాక్యం తెలుగులో చెప్పు" అనండి. చెప్పగలిగితే ఉంచండి. చెప్పలేకపోతే కొట్టేయించి, దాన్ని నాలుగు మాటలుగా గడిలోకి దింపించి మళ్లీ రాయించండి.

నలభై నోట్‌బుక్కుల్లో ప్రతి తప్పుకూ ఎర్రగీత పెడితే మీకూ అలసటే, పిల్లలూ చూడరు. మొదటి ప్రతిలో కుప్పలు మాత్రమే చూడండి. వేరే పేరాలోకి పోవలసిన వాక్యం పక్కన బాణం గీయండి, స్పెల్లింగ్ ముట్టుకోకండి. రెండో ప్రతిలో క్రియలు మాత్రమే చూడండి. తప్పున్న వరస పక్కన మార్జిన్‌లో చుక్క పెట్టండి, తప్పు ఎక్కడుందో వాళ్లే వెతుక్కుంటారు. మీరు సరైన రూపం రాసి ఇస్తే పిల్లవాడు చేసేది ఎత్తిరాయడమే. పది మార్కులకు విభజన ఇలా పెట్టుకోవచ్చు: వర్గం చెప్పే మొదటి వాక్యానికి 2, పేరాలు కుప్పల ప్రకారం ఉన్నందుకు 3, క్రియలకు 2, అంకెలూ కచ్చితమైన పేర్లకూ 1, మాటలూ స్పెల్లింగ్‌కూ 2. పేరాలకు ఎక్కువ ఇవ్వడం ఎందుకని పిల్లలు అడిగితే చీటీల పీరియడ్ గుర్తుచేయండి.

పూర్తయిన రిపోర్టులను కుట్టి ఒక పుస్తకం చేసి ఆరో తరగతికి ఇవ్వండి. చదివినవాళ్లు ఒక్కో రిపోర్ట్‌కు ఒక ప్రశ్న చీటీ మీద రాసి పంపాలి. "తాబేలు పిల్లలను తల్లి చూసుకుంటుందా?" అని ఒక చీటీ వచ్చిందనుకోండి. రాసిన పిల్లలు జవాబు వెతికి, అది ఏ పేరాలో, ఏ వాక్యం తర్వాత చేరాలో తేల్చుకుని పుస్తకంలో అతికించాలి. దానికి తొమ్మిదో పీరియడ్ ఒకటి కావాలి. దొరికితే తీసుకోండి.